పొయ్యి ఆపాక జరిగే వంట

కార్బొనారా పాస్తాని మొదటిసారి ఇంట్లో వండబోయేవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. పచ్చి గుడ్డుని పొగలు కక్కే పాస్తాలో కలిపితే అది కోడిగుడ్డు పొరటు అయిపోదా? ఇందులో పాలు లేవు, మీగడ లేదు. ఉన్నవల్లా గుడ్డు, చీజ్, మిరియాలు, ఉప్పులో ఊరి ఆరిన పంది మాంసం, పాస్తా ఉడికిన నీళ్లు. అయినా పళ్లెంలోకి వచ్చేసరికి ఆ సాసు మీగడలా నున్నగా, ప్రతి పాస్తా పోగునీ అంటిపెట్టుకుని మెరుస్తుంటుంది. ఎలా?

ఆ ప్రశ్న వెనకే ఇంకొకటి వస్తుంది. అవే దినుసులు, అవే కొలతలు, వండేదీ అదే మనిషి. అయినా ఒకరోజు సాసు చక్కగా కుదురుతుంది, మరొకరోజు పచ్చని ఉండలూ అడుగున నీళ్లూ మిగులుతాయి. తేడా ఎక్కడొచ్చింది?

రెంటికీ జవాబు ఉష్ణోగ్రతే. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక మొదలై 75 చేరకముందే ముగిసే ఇరుకు దారి ఒకటుంది. కార్బొనారా సాసు పుట్టేది ఆ దారిలోనే. అది ఎందుకంత ఇరుకు, దాన్ని కాస్త వెడల్పు చేసే ఉపాయాలేమిటి, పొద్దున్నే ఒక్కరి కోసం వండుకునేటప్పుడు లెక్క ఎలా మారుతుంది అన్నవి ఈ అధ్యాయంలో చూద్దాం. దారి తెలిస్తే ఈ వంటలో అదృష్టం మీద ఆధారపడాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

రోమ్ వంట, అల్పాహారపు సరుకులు

కార్బొనారా రోమ్ నగరపు వంట. కానీ చాలామంది అనుకునేంత పాతది కాదు. 1930 ప్రాంతంలో ఆదా బోనీ రోమ్ వంటకాల మీద రాసిన పేరున్న పుస్తకంలో దీని ఊసే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 4న మిత్రరాజ్యాల సేనలు రోమ్‌లోకి వచ్చాయి. వాటితోపాటు అమెరికా సైనికుల రేషన్‌లోని బేకన్, గుడ్ల పొడి కూడా ఇటలీకి చేరాయి. ఆ తరవాతి ఏళ్లలోనే కార్బొనారా పేరు అచ్చులో కనబడసాగింది. 1950లో ‘లా స్టాంపా’ పత్రిక దీన్ని ప్రస్తావించింది. 1952లో అమెరికాలోని షికాగో రెస్టారెంట్ల మీద వచ్చిన ఒక పుస్తకంలో దీని తయారీ విధానం అచ్చయింది. 1954లో ‘లా కుచీనా ఇతాలియానా’ పత్రిక ఇచ్చిన విధానంలో వెల్లుల్లి, స్విట్జర్లాండ్ గ్రుయేర్ చీజ్ కూడా ఉన్నాయి. 1960లో లుయీజి కర్నచీనా తన పెద్ద వంటల పుస్తకంలో గ్వాంచాలే వాడాడు. గ్వాంచాలే అంటే పంది చెంప మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టింది. ఆ విధానంలో క్రీము కూడా ఉంది. గ్వాంచాలే, గొర్రె పాలతో చేసే పెకొరీనో రొమానో చీజ్, గుడ్లు, మిరియాలు అన్న నేటి ‘అసలైన’ జాబితా స్థిరపడింది ఆ తరవాతి దశాబ్దాల్లోనే.

రోమ్‌వాసులు దీన్ని పొద్దున్నే తినరు. వాళ్ల ఉదయం కాఫీతోనూ, కొర్నెత్తో అనే మెత్తటి రొట్టెతోనూ గడిచిపోతుంది. కార్బొనారా మధ్యాహ్నానికో రాత్రికో తినే వంట. కానీ దినుసుల జాబితా చూడండి: గుడ్లు, పంది మాంసం. ఇవి అమెరికా వాళ్ల అల్పాహారపు సరుకులే. అందుకే అక్కడా, ఇతర దేశాల్లోనూ కార్బొనారా తరహా పాస్తాని పొద్దుటిపూట వండుకునేవాళ్లు కనిపిస్తారు. పావుగంటలో అయిపోతుంది. ఒక గుడ్డు, ఒక పచ్చసొన, 30 గ్రాముల చీజ్, 100 గ్రాముల పాస్తా కలిస్తే సుమారు 30 గ్రాముల ప్రోటీన్ అందుతుంది కనక మధ్యాహ్నం దాకా ఆకలి పెద్దగా వేయదు. తొందరగా పని ముగించుకోవాల్సిన ఆ పూటే ఈ వంట ఎక్కువగా చెడేది కూడా. దానికి కారణం గుడ్డులో ఉంది.

గుడ్డు ఎప్పుడు గడ్డకడుతుంది?

గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీళ్లే. తెల్లసొనలో 90 శాతం దాకా నీళ్లు, మిగతాది దాదాపుగా ప్రోటీన్లు. పచ్చసొనలో సగం నీళ్లు, మిగతా సగంలో ఎక్కువ భాగం కొవ్వు, తరవాతి వాటా ప్రోటీన్లది.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన పొడవాటి గొలుసు. పచ్చి గుడ్డులో ఒక్కో గొలుసు తనలో తాను ముడుచుకుని, నీళ్లలో విడివిడిగా తేలుతుంటుంది. అందుకే తెల్లసొన పారదర్శకంగా, జారుడుగా ఉంటుంది. వేడి తగలగానే ముడి పట్టి ఉంచిన బలహీనమైన బంధాలు తెగుతాయి, గొలుసు విప్పుకుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని డీనేచురేషన్ అంటారు. మనం ముడివీడడం అనుకుందాం. విప్పుకున్న గొలుసులు పక్కనున్న వాటికి అక్కడక్కడా అతుక్కుని మూడు దిక్కులా అల్లుకున్న వలలా తయారవుతాయి. గుడ్డులోని నీళ్లన్నీ ఆ వల గదుల్లో చిక్కుకుంటాయి. ద్రవంగా ఉన్నది గడ్డకట్టడమంటే ఇదే. నీళ్లు ఎక్కడికీ పోలేదు, కదలలేకపోయాయి, అంతే.

ఈ పని ఒక్క ఉష్ణోగ్రత దగ్గర గభాలున జరిగిపోదు. తెల్లసొనలోని ఒవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ 62 డిగ్రీల దగ్గరే ముడివీడుతుంది. తెల్లసొన ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఒవాల్బుమిన్ మాత్రం 80 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడడం మొదలుపెట్టి, 70కి గట్టిపడుతుంది. రెండూ కలిపి గిలక్కొట్టిన గుడ్డు సుమారు 73 దగ్గర గడ్డకడుతుంది.

కార్బొనారాకి కావలసింది చిక్కబడడం మాత్రమే, గట్టిపడడం కాదు. ప్రోటీన్ గొలుసుల్లో కొన్ని ముడివీడి, కొన్ని అతుక్కుని, వల ఇంకా వదులుగా ఉండగానే ఆగిపోవాలి. వేడి అక్కడితో ఆగకపోతే అతుకులు పెరుగుతూ పోతాయి, వల బిగుసుకుంటుంది. బిగుసుకున్న వల తన గదుల్లో పట్టుకున్న నీళ్లని బయటికి పిండేస్తుంది. ఎక్కువసేపు వేయించిన పొరటు అడుగున కనబడే నీళ్లు ఇవే. చెడిపోయిన కార్బొనారాలో ఉండలూ నీళ్లూ వేరుపడేదీ ఇందువల్లే. ఒకసారి బిగుసుకున్న వల చల్లార్చినా, కలియబెట్టినా మళ్లీ వదులు కాదు. వెనక్కి రాని మార్పు ఇది. అందుకే ముందు జాగ్రత్త తప్ప తరవాత దిద్దుబాటు ఉండదు.

ఇప్పుడు బాణలి సంగతి చూడండి. పొయ్యి మీదున్న ఇనప బాణలి అడుగు తేలిగ్గా 150 డిగ్రీలు ఉంటుంది. గుడ్డు మొత్తం సగటున 65 డిగ్రీలకి చేరేలోపే బాణలిని తాకిన పొర 73ని ఎప్పుడో దాటిపోతుంది. కలుపుతున్నకొద్దీ ఆ ఉడికిన పొర తునకలై సాసులోకి వస్తుంది. గుడ్డు పోసేముందు పొయ్యి ఆపమని రోమ్ వంటవాళ్లు పట్టుబట్టడానికి కారణమిదే. గుడ్డుని ఉడికించాల్సింది మంట కాదు, పాస్తా తనలో దాచుకొచ్చిన వేడి.

గంజి నీళ్లు చేసే మేలు

ఈ ఇరుకు దారిని వెడల్పు చేసే ఉపాయం ఒకటి తెలుగు వంటింట్లో తరాలుగా ఉంది. మజ్జిగ పులుసు కాచే ప్రతి ఇంటికీ అది తెలుసు. పుల్లటి మజ్జిగని ఉత్తగా పొయ్యి మీద పెట్టి మరిగిస్తే విరిగిపోతుంది. తెల్లటి పలుకులు ఒకవైపు, పల్చటి నీళ్లు ఒకవైపు అవుతాయి. అందుకే మజ్జిగ చల్లగా ఉన్నప్పుడే కొంచెం శనగపిండి ఉండలు లేకుండా కలిపి, అప్పుడు పొయ్యి మీద పెడతారు. కొందరు నానబెట్టిన బియ్యం, శనగపప్పు నూరి కలుపుతారు. అలా చేస్తే పులుసు మరిగినా విరగదు, చిక్కగా నిలుస్తుంది.

అక్కడ జరిగేదేమిటి? మజ్జిగలోని పాల ప్రోటీన్లు వేడికి దగ్గరికి చేరి ముద్దకట్టాలని చూస్తాయి. పిండిలోని గంజి పదార్థం, అంటే స్టార్చ్, వేడి నీళ్లలో ఉబ్బి పులుసుని చిక్కబరుస్తుంది. చిక్కటి ద్రవంలో ప్రోటీన్ రేణువులు చురుగ్గా కదలలేవు, ఒకదాన్నొకటి అంత తరచుగా ఢీకొనలేవు. దానికితోడు స్టార్చ్ పోగులు వాటి మధ్యలోకి చేరి అతుకు పడనివ్వవు. పిండిని ముందే కలపాలన్న నియమం కూడా ఇందుకే. విరిగాక వేస్తే లాభం లేదు.

కార్బొనారాలో శనగపిండి పాత్రని పాస్తా ఉడికిన నీళ్లు పోషిస్తాయి. ఎండు పాస్తాని డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఇటలీలో 1967 నాటి చట్టం ప్రకారం ఎండు పాస్తాకి ఆ గోధుమే వాడాలి. ఈ రవ్వలోని గ్లూటెన్ ప్రోటీన్ గట్టి అల్లికగా ఏర్పడి స్టార్చ్ రేణువుల్ని లోపల పట్టి ఉంచుతుంది. అందుకే పాస్తా ఉడికినా ముద్దవదు, పంటికింద కాస్త బిరుసుగానే ఉంటుంది. కానీ పై పొరలోని స్టార్చ్ ఉబ్బి, కొంత నీళ్లలోకి జారుతుంది. తెల్లగా మసకబారిన ఆ నీళ్లే మన గంజి. అన్నం వార్చిన గంజి లాంటిదే ఇదీ.

ఆ గంజి నీళ్లు గుడ్డుకి రెండు రకాలుగా సాయపడతాయి. ఒకటి, నీళ్లు కలిసినకొద్దీ ప్రోటీన్ గొలుసుల మధ్య దూరం పెరిగి, గడ్డకట్టే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. పాలు బాగా కలిపిన కస్టర్డ్ 80 డిగ్రీల దగ్గర గాని గట్టిపడకపోవడం ఇందువల్లే. రెండు, స్టార్చ్ మజ్జిగ పులుసులో లాగే అడ్డు నిలుస్తుంది. పిండి కలిపి కాచే కస్టర్డ్‌ని మరిగించినా గుడ్డు విరగదని మిఠాయి వంటవాళ్లకి బాగా తెలుసు. పాస్తా నీళ్లలో స్టార్చ్ అంత ఎక్కువ ఉండదు కాబట్టి అంతటి రక్షణ దొరకదు, కొన్ని డిగ్రీల వెసులుబాటు మాత్రం దొరుకుతుంది. ఆ వెసులుబాటు పెరగాలంటే పాస్తాని తక్కువ నీళ్లలో ఉడికించాలి. 100 గ్రాముల పాస్తాకి లీటరు బదులు అర లీటరు నీళ్లు పోస్తే, అంతే స్టార్చ్ సగం నీళ్లలో ఉంటుంది కనక గంజి రెండింతలు చిక్కన.

చీజ్ ఎందుకు ముద్దకడుతుంది?

సాసు విరిగినప్పుడు నింద ఎప్పుడూ గుడ్డు మీదే పడుతుంది. చాలాసార్లు అసలు దోషి చీజ్. సాసులో గట్టి పలుకుల్లా కాక, సాగుతూ గరిటెకి చుట్టుకునే ముద్దలు కనబడితే అవి గుడ్డువి కావు, చీజ్‌వి.

పెకొరీనో రొమానోని తురుముకునేందుకు కనీసం 8 నెలలు మాగబెడతారు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్, కొవ్వు, ఉప్పు దానిలో దట్టంగా కూడుకుని ఉంటాయి. వేడికి కొవ్వు కరుగుతుంది, కేసిన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని సాగుడు ముద్ద అవుతాయి. రోమ్‌కే చెందిన కాచో ఎ పేపే అనే పాస్తాలో గుడ్డు ఉండదు. చీజ్, మిరియాలు, గంజి నీళ్లే సాసు. అందుకే ఆ ముద్దకట్టడాన్ని పరిశీలించడానికి అది మంచి నమూనా. ఐరోపాలోని వేర్వేరు సంస్థల్లో పనిచేసే ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కొందరు దాని మీద ప్రయోగాలు చేసి, 2025లో ‘ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్’ పత్రికలో ప్రచురించారు. చీజ్, నీళ్లు, స్టార్చ్ వేర్వేరు పాళ్లలో కలిపి, మెల్లగా వేడిచేస్తూ ముద్దలు ఎప్పుడు ఎంత పెద్దవవుతాయో కొలిచారు. సాసు పూర్తిగా ముద్దకట్టే దశకి మొజరెల్లా దశ అని పేరు పెట్టారు.

వాళ్లు తేల్చిన లెక్క ప్రతి వంటింటికీ పనికొస్తుంది. చీజ్ బరువులో స్టార్చ్ 1 శాతం కంటే తక్కువుంటే వేడికి ముద్దలు తప్పవు. 2 నుంచి 3 శాతం ఉంటే సాసు నున్నగా నిలుస్తుంది. మామూలు పాస్తా నీళ్లతో ఆ మోతాదు ఎప్పుడూ అందుతుందన్న నమ్మకం లేదు కాబట్టి, స్టార్చ్‌ని విడిగా నీళ్లలో కాచి కలపమని వాళ్లు సూచించారు. అదే ఏడాది ఈ పనికి భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది.

30 గ్రాముల చీజ్‌కి ఆ లెక్క ఒక గ్రాములోపే. పావు చెంచా కార్న్‌ఫ్లోర్ సరిపోతుంది. దాన్ని రెండు మూడు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి, చిక్కబడి మెరిసేదాకా కాచి, చల్లారాక చీజ్ తురుము, గుడ్డు దానిలో కలుపుకోవాలి. పొద్దున్నే తొందరలో వండేవాళ్లకి ఇంతకంటే చవకైన భరోసా లేదు.

మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే ప్రాసెస్డ్ చీజ్ ఇలా ముద్దకట్టదు. దానిలో సిట్రేట్, ఫాస్ఫేట్ వంటి లవణాలు కలుపుతారు. కేసిన్ పోగుల్ని కట్టిపడేసే కాల్షియాన్ని అవి లాగేసుకుంటాయి కనక పోగులు విడివడి, నీళ్లలో, కొవ్వులో సమంగా కలుస్తాయి. ఈ పద్ధతి 1911లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది. ఆ చీజ్‌తో సాసు నున్నగా వస్తుంది గాని పెకొరీనో ఘాటు, లోతైన రుచి రావు. రుచి కావాలంటే మాగిన చీజ్, దానికి తోడుగా స్టార్చ్ ఉండాల్సిందే. పెకొరీనో దొరకనిచోట పార్మిజానో అదే రకంగా పనిచేస్తుంది.

కొవ్వునీ నీళ్లనీ కలిపేది ఎవరు?

సాసులో మూడో పాత్ర కొవ్వు. గ్వాంచాలేని చల్లటి బాణలిలో వేసి, సన్నటి సెగ మీద మొదలుపెడతారు. పంది కొవ్వు 40 డిగ్రీల లోపలే కరగడం మొదలవుతుంది. మెల్లగా వేడెక్కితే ముక్క లోపలి కొవ్వంతా బయటికి దిగుతుంది. లోపలి నీళ్లు ఆవిరయ్యేదాకా ముక్క 100 డిగ్రీలు పెద్దగా దాటదు. నీళ్లు పోయాకే ఉష్ణోగ్రత పెరిగి, ప్రోటీన్లూ చక్కెరలూ కలిసి ఎర్రగా కాలే చర్య జోరందుకుంటుంది. 1912లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్ వివరించిన చర్య ఇది. మాంసం, రొట్టె కాలినప్పుడు వచ్చే కమ్మటి వాసనకి మూలం అదే. మొదటే పెద్ద మంట పెడితే పైన మాడుతుంది, కొవ్వు లోపలే ఉండిపోతుంది.

మిరియాల ఘాటుకి కారణమైన పైపెరిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి కచ్చాపచ్చాగా దంచిన మిరియాల్ని ఆ కొవ్వులో ఒక్క నిమిషం వేయిస్తే ఘాటు సాసంతా సమంగా పరుచుకుంటుంది.

ఆ తరవాత అడ్డంకి మామూలుగా తెలిసిందే. కొవ్వూ నీళ్లూ కలవవు. కలపాలంటే కొవ్వుని కంటికి కనబడనంత చిన్న బొట్లుగా విడగొట్టి, అవి మళ్లీ ఒకటి కాకుండా చూడాలి. అలా నిలిచిన మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు. పాలు కూడా ఒక ఎమల్షనే. పచ్చసొనలో లెసిథిన్ అనే పదార్థం ఉంది. దాని అణువుకి ఒక కొస కొవ్వుని ఇష్టపడుతుంది, రెండో కొస నీళ్లని. ప్రతి కొవ్వు బొట్టు చుట్టూ లెసిథిన్ అణువులు చేరి, నీళ్లని ఇష్టపడే కొసల్ని బయటికి పెట్టి నిలబడతాయి. ఇక బొట్టు బొట్టుతో కలవదు. గంజిలోని స్టార్చ్ నీళ్లని చిక్కబరిచి బొట్ల కదలికని తగ్గిస్తుంది. బొట్లుగా విడగొట్టే పని మన చేతిది. రోమ్ వంటవాళ్లు పాస్తాని సాసులో ఆపకుండా వేగంగా తిప్పుతూ ఎగరేస్తారు. దాన్ని మాంతెకారే అంటారు. పైకి ఆడంబరంలా కనబడే ఆ తిప్పుడు లేకపోతే కొవ్వు పైకి తేలిపోతుంది. పూర్తి గుడ్లకి అదనంగా ఒకటి రెండు పచ్చసొనలు వేయమనడంలోని ఆంతర్యమూ ఇదే. లెసిథిన్ పెరుగుతుంది, నీళ్లు తగ్గుతాయి.

పంది మాంసం తిననివాళ్లు ఈ విజ్ఞానాన్ని ధైర్యంగా నమ్ముకోవచ్చు. సాసుకి కావలసింది కరిగిన కొవ్వు, వేగిన రుచి. వెన్నలోనో ఆలివ్ నూనెలోనో నీళ్లు ఇంకిపోయి ఎర్రబడేదాకా వేయించిన పుట్టగొడుగులు ఆ రెండూ ఇస్తాయి. దాన్ని కార్బొనారా అంటే రోమ్‌వాసులు ఒప్పుకోరు. కార్బొనారా తరహా పాస్తా అనడమే సబబు. సాసు పుట్టే తీరులో మాత్రం తేడా లేదు.

పొద్దున్నే, ఒక్కరికి

ఇప్పుడు లెక్క చూద్దాం. 100 గ్రాముల ఎండు పాస్తా ఉడికాక సుమారు 225 గ్రాములవుతుంది. నీళ్లు వార్చి బయటికి తీసేసరికి దాని వేడి 90 డిగ్రీల దగ్గరుంటుంది. ఒక గుడ్డు, ఒక పచ్చసొన, చీజ్ కలిపితే 100 గ్రాములు. అవి గది వేడిలో, అంటే 25 డిగ్రీల దగ్గర ఉంటే, రెండూ కలిశాక మిశ్రమం సుమారు 70 డిగ్రీలకి చేరుతుంది. గుడ్డూ చీజూ అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినవైతే, 5 డిగ్రీలు అనుకుంటే, మిశ్రమం 64 దగ్గరే ఆగిపోతుంది. ఆరు డిగ్రీల తేడా. మన దారి వెడల్పే పది పన్నెండు డిగ్రీలు! అదే మనిషి అవే కొలతలతో వండినా ఒకరోజు కుదిరి మరోరోజు కుదరకపోవడానికి ఫ్రిజ్ ఒక్కటి చాలు.

పరిమాణం కూడా లెక్క మారుస్తుంది. నలుగురికి వండినప్పుడు ఉడికిన పాస్తా దాదాపు కిలో ఉంటుంది. లోపలి వేడి బయటికి పోవడానికి సమయం పడుతుంది, మందపాటి బాణలి కూడా వేడిని అందిస్తూనే ఉంటుంది. అక్కడి ప్రమాదం గుడ్డు పొరటు కావడం. ఒక్కరికి వండినప్పుడు పాస్తా కొంచెమే. ఉన్న కాస్త వేడినీ చల్లటి గిన్నె లాగేస్తుంది, గాలి లాగేస్తుంది. మిశ్రమం 60 లోపలే ఆగి సాసు పల్చగా, పచ్చి వాసనతో మిగులుతుంది. అప్పుడు ఆత్రంగా పొయ్యి వెలిగిస్తాం, అడుగు మాడుతుంది, ఉండలు కడుతుంది. పొద్దుటి పాస్తా చెడే తీరు సాధారణంగా ఇదే.

దానికి తగ్గ పద్ధతి ఇది. గుడ్డు, చీజ్ పావుగంట ముందే బయట పెట్టుకోవాలి. పాస్తా నీళ్లలో ఉప్పు మామూలు కంటే తగ్గించాలి, ఎందుకంటే చీజ్, మాంసం రెండూ ఉప్పటివే. కొవ్వు దిగి ముక్కలు ఎర్రబడ్డాక బాణలి దింపి రెండు నిమిషాలు వదిలేయాలి. 150 డిగ్రీల కొవ్వు గుడ్డుని తాకితే మనం వేసుకున్న లెక్కంతా వృథా. కాచి చల్లార్చిన కార్న్‌ఫ్లోర్ గంజిలో చీజ్, గుడ్డు కలిపి ఒక స్టీలు గిన్నెలో ఉంచుకోవాలి. ముందు ఒక కప్పు గంజి నీళ్లు తీసిపెట్టుకుని, పాస్తాని నీళ్లలోంచి పైకి తీసి బాణలిలోని కొవ్వులో తిప్పి, ఆ గిన్నెలో వేసి ఆపకుండా కలపాలి. తరవాత పాస్తా ఉడికిన గిన్నెలో మిగిలిన వేడి నీళ్ల మీద, నీళ్లు తాకకుండా, ఈ స్టీలు గిన్నెని పెట్టి కలుపుతూ ఉండాలి. కిందనుంచి వచ్చే ఆవిరి మెల్లగా వేడెక్కిస్తుంది. వేడి నిదానంగా పెరుగుతుంది కనక చిక్కబడడానికీ గట్టిపడడానికీ మధ్య చూసుకునే వ్యవధి దొరుకుతుంది. గరిటె వెనక సాసు పల్చటి పూతలా నిలిచి, వేలితో గీస్తే గీత చెరగకుండా ఉంటే అయిపోయినట్టే. మరీ చిక్కబడితే ఒక చెంచా గంజి నీళ్లు కలపాలి.

రాత్రి మిగిలిన పాస్తాతో పొద్దున్న వండుకునేవాళ్లకి ఒక మాట. చల్లారిన పాస్తాలో స్టార్చ్ పోగులు మళ్లీ దగ్గరికి చేరి గట్టిపడతాయి. దీన్ని రెట్రోగ్రడేషన్ అంటారు. అలా గట్టిపడిన స్టార్చ్‌లో కొంత భాగం మళ్లీ వేడిచేసినా తేలిగ్గా జీర్ణం కాదు, రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచుతుంది. అది మంచిదే. కానీ ఆ పాస్తా చల్లగా ఉంది, నీళ్లలోకి స్టార్చ్ వదలదు. అంటే సాసుకి కావలసిన వేడీ లేదు, గంజీ లేదు. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీస్తే వేడి వస్తుంది. గంజి కోసం కార్న్‌ఫ్లోర్ తప్పనిసరి.

ఇక భద్రత. గుడ్లలో అరుదుగా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. దాన్ని చంపడానికి ఉష్ణోగ్రతతో పాటు సమయమూ లెక్కే. అమెరికాలో పగలగొట్టిన గుడ్ల ద్రవాన్ని 60 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు ఉంచి పాశ్చరైజ్ చేస్తారు. ఇంటి వంటకి అక్కడి ప్రభుత్వ సూచన 71 డిగ్రీలు. 65 దగ్గర అరనిమిషం ఆగి దిగిన కార్బొనారా రుచిగా ఉంటుంది గాని ఆ భరోసా ఇవ్వదు. గర్భిణులకి, చిన్నపిల్లలకి, వృద్ధులకి, జబ్బుతో నీరసించినవాళ్లకి వడ్డించేటప్పుడు సాసుని 71 దాటించాలి. మామూలుగా అయితే అది విరిగిపోయే అంచు. కానీ గంజీ కార్న్‌ఫ్లోరూ కలిసిన సాసుని ఆవిరి మీద మెల్లగా కలుపుతూ 72 దాకా తీసుకెళ్లినా నున్నదనం పోదు. ఈ అధ్యాయంలో స్టార్చ్ గురించి ఇంత చెప్పడానికి ముఖ్య కారణం ఇదే. స్టార్చ్ వల్ల రుచికీ ఆరోగ్యానికీ మధ్య ఒకదాన్ని వదులుకోవాల్సిన అవసరం పోతుంది.

వంటగది థర్మామీటరు ఖరీదు ఎక్కువేమీ కాదు. మొదటి నాలుగైదుసార్లు దాన్ని సాసులో పెట్టి చూస్తూ వండండి. 62 దగ్గర ద్రవం బరువెక్కడం, 65 దాటాక గరిటెకి పూత నిలవడం, 70 దగ్గర కలియబెట్టే చేతికి పట్టు తెలియడం, ఈ మూడూ అంకెలతో పోల్చుకుంటూ పోతే, కొన్నాళ్లకి ఆ అంకెలు చేతికి అలవాటైపోతాయి. అప్పుడు గుడ్ల పరిమాణం మారినా, చీజ్ మారినా, తినేవాళ్ల సంఖ్య మారినా, ఎంత వేడి ఉంది, ఇంకెంత కావాలి అని మీరే తేల్చుకోగలరు.